దరఖాస్తు గడి

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు నా దగ్గరికి వచ్చినప్పుడు తరచూ ఒకటే అడుగుతారు. పాఠాన్ని ఆటగా మార్చి ఎలా చెప్పాలి అని. అది పది నిమిషాల్లో చెప్పేయవచ్చు. ఒక అట్ట, నాలుగు రంగులు, గుప్పెడు చింతగింజలు ఉంటే చాలు. పిల్లలు ఆ ఆటను నమ్మి బడి గేటు దాటి బయటికి పోతే ఏమవుతుందన్నది మాత్రం ఏ శిక్షణ తరగతిలోనూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు. నా సర్వీసులో ప్రమోషన్ల సంగతి, బదిలీ కాగితాల సంగతి ఇక్కడ రాయను. ఒక్క ఆట గురించి, ఆ ఆట వల్ల నేను చేసిన ఒక్క తప్పు గురించి రాస్తాను.

ఆట ఎలా మొదలైంది

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నన్ను బోధన్ దగ్గర ఒక ఊరి అప్పర్ ప్రైమరీ బడికి వేశారు. సాంఘిక శాస్త్రం నాది. మా ఇల్లు నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ గుడి వెనక సందులో. నాన్న లేరు. అమ్మ బీడీలు చుట్టేది. ఇద్దరు తమ్ముళ్లు చదువుకుంటున్నారు. నేను బోధన్‌లో ఒక గది అద్దెకు తీసుకొని రోజూ బడికి బస్సులో వెళ్లేదాన్ని, శనివారం ఇంటికి పోయేదాన్ని. నా ఉద్యోగం పోతే ఇల్లు ఆగిపోతుందన్న మాట పొద్దున లేవగానే గుర్తొచ్చేది. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. తర్వాత నేను చేసిన పనికి ఇది సాకు కాదు గాని, కారణం మాత్రం ఇదే.

నేను చదువుకున్నది ఉర్దూ మీడియంలో. యాభై ఆరులో రాష్ట్రాలు కలిశాక తెలుగు పుస్తకాలు వచ్చాయి. వాటిలో ఊరి లెక్కలు చూసే మనిషిని కరణం అన్నారు. మా పిల్లలకు కరణం అంటే ఎవరో తెలియదు. వాళ్లకు తెలిసింది పట్వారీ. పరిపాలన పాఠం చెబుతుంటే ముప్పై మంది పిల్లలు గోడను చూసినట్టు నన్ను చూసేవారు.

అందుకే ఒక ఆట గీశాను. బట్టల దుకాణం వాళ్లిచ్చిన పెద్ద అట్ట మీద వంద గళ్లు. మొదటి గడి ఇల్లు. తర్వాత ఊరి పంచాయతీ, శిస్తు వసూలు చేసే మాలీ పటేల్, పట్వారీ, వాళ్ల మీద తనిఖీ అధికారి గిర్దావర్, తహసీలు, కలెక్టరు కచేరీ, హైదరాబాదు అసెంబ్లీ, చివర ఢిల్లీ పార్లమెంటు. దారిలో చూడదగ్గ చోట్లు గీశాను. నిజామాబాద్ ఖిల్లా, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం, నిజాంసాగర్ కట్ట, చార్మినారు, ఎర్రకోట. అక్కడ ఆగినవాళ్లు ఆ చోటు గురించి ఒక మాట చెప్పాలి. అక్కడక్కడా దరఖాస్తు గడి అని పెట్టాను. అందులో పడినవాళ్లు ఒక చీటీ తీయాలి. చీటీలో ఒక కష్టం రాసి ఉంటుంది. బడి కప్పు కారుతోంది, దవాఖానలో మందు లేదు, కాలువ నీళ్లు రాలేదు, ఇలాంటివి. ఆ కష్టం ఏ ఆఫీసుకు రాసుకోవాలో సరిగ్గా చెబితే నిచ్చెన ఎక్కి పైకి పోతారు.

బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఆ అట్ట చూసి, "పుస్తకంలో కరణం అని ఉంటే మీరు పట్వారీ అని ఎలా రాస్తారు?" అని అడిగారు. మా హెడ్మాస్టరు నర్సింహులు సార్ మెల్లగా, "పిల్లలకు పరీక్షల కరణమనే రాయాల్నని చెప్తున్నం సార్. ఊళ్లె మాత్రం పట్వారీ ఉన్నడు" అన్నారు. ఇన్‌స్పెక్టరు ఇంకేమీ అనలేదు. ఆ రోజు నేను ఒక ప్రమాదం దాటాననుకున్నాను. అసలు ప్రమాదం ఆ అట్టలోనే ఉందని నాకు తెలియలేదు.

గంగామణి

ఆరో తరగతిలో గంగామణి అని ఒక అమ్మాయి. తండ్రి రాజన్నకు కాలువ కొసన కొద్దిపాటి చెరకు, వరి ఉండేవి. ఇంట్లో రాజన్న తల్లి సాయవ్వ. పిల్ల తల్లి లేదు. గంగామణి మాట తక్కువ, ఆటలో మాత్రం ఎవరికీ అందేది కాదు. చీటీ తీయగానే ఆఫీసు పేరు చెప్పేది.

ఒకసారి ఆమె గింజ నిజాంసాగర్ కట్ట మీద ఆగింది. ఒక మాట చెప్పమన్నాను. ఆమె చెప్పకుండా నన్నే అడిగింది.

"టీచర్, నిజాంసాగర్ నీళ్లు అందరియా, కాలువ మొదట్ల ఉన్నోళ్లయేనా?"

"అందరివీ. వంతుల వారీగా ఇస్తారు."

"మరి మాకెందుకు వస్తలేవు?"

నేను తూములు, వంతులు, కాలువ కొస అంటూ ఏదో చెప్పాను. పిల్లలు గొణుక్కున్నారు. తర్వాత తెలిసింది, అసలు సంగతి అందరికీ తెలిసిందే. పై తూము దగ్గర ఊరి మాలీ పటేల్ మనుషులు రాళ్లు, మట్టి వేసి నీళ్లన్నీ ఆయన చెరకుకే తిప్పుతున్నారు. కొసన ఉన్న పొలాలకు తడి అందడం లేదు.

వారం తర్వాత గంగామణి ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "గిది సరిగ్గ ఉందా టీచర్?" అంది. కలెక్టరు గారికి దరఖాస్తు. తండ్రి పేరు, పొలం ఎక్కడుందో, పై తూము దగ్గర ఎవరు అడ్డం వేశారో అన్నీ ఉన్నాయి. చివర, మా టీచరమ్మ చెప్పిన పద్ధతిలో రాస్తున్నాను అని ఉంది. నేను ఎర్ర సిరాతో "నీల్లు" కొట్టేసి "నీళ్లు" అని దిద్దాను. కలెక్టరు కచేరీ చిరునామా అడిగితే చెప్పాను. బాగుందని తల నిమిరాను.

ఆట కోసమే రాసిందనుకున్నానని తర్వాత చాలామందికి చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు. గంగామణి ఆ కాగితం మడతపెట్టి జాగ్రత్తగా జాకెట్టులో దాచుకున్నప్పుడే నాకు సగం అర్థమైంది. అయినా ఆపలేదు. నా ఆట పనిచేస్తోందన్న సంతోషం నన్ను ఆపనివ్వలేదు.

అంగడి రోజున అవ్వతో బోధన్ పోయి ఆమె ఆ కాగితాన్నే పోస్టు చేసింది. ఎర్ర సిరాతో సహా.

పటేల్ అరుగు మీద

నా ఆటలో దరఖాస్తు పైకి మాత్రమే పోతుంది. నిజంలో అది పైకి పోయి, ఆ మెట్ల మీదుగానే కిందికి దిగుతుంది. కలెక్టరు కచేరీ నుంచి తహసీలుకు, తహసీలు నుంచి గిర్దావర్‌కు, అక్కణ్నుంచి విచారించి చెప్పమని ఆ ఊరి మాలీ పటేల్ చేతికి. ఎవరి మీద రాసిందో ఆయన చేతికే. రోజూ పరిపాలన పాఠం చెబుతున్నా ఈ చిన్న సంగతి నాకు తట్టలేదు.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం తలారి వచ్చి, గిర్దావర్ వచ్చిండు, టీచరమ్మను, హెడ్మాస్టర్‌ను పటేల్ రమ్మంటున్నడని చెప్పాడు. పటేల్ బావమరిది పంచాయతీ సమితిలో మెంబరు. మా బడులన్నీ సమితి చేతిలో ఉండేవి. ఎవర్ని ఎక్కడికి వేయాలన్నా వాళ్ల మాటే.

అరుగు మీద గిర్దావర్ కుర్చీలో ఉన్నాడు. పటేల్ పక్కన నిలబడ్డాడు. కింద రాజన్న, రుమాలు విప్పి చేత్తో పట్టుకొని. అతని పక్కన గంగామణి.

పటేల్ గొంతు పెంచలేదు. "పిల్లలకు సదువు చెప్పుమని పంపిస్తే, ఊళ్లె కొట్లాటలు నేర్పిస్తున్నరు" అన్నాడు.

గిర్దావర్ కాగితం తెరిచి నన్ను అడిగాడు. "టీచరమ్మా, ఈ అర్జీ మీరు రాయించిండ్రా?"

"లేదు సార్."

"టీచరమ్మ చెప్పిన పద్ధతి అని రాసి ఉన్నది. సిరాతోని ఎవరో దిద్దిండ్రు."

ఎర్ర గీత ఆయన వేలు కింద నాకు కనిపిస్తోంది. నా చేతిరాతే. కంఠేశ్వర్ సందులో అమ్మ చాట ఒడిలో పెట్టుకొని ఆకు కత్తిరిస్తున్నట్టు కళ్లముందు కదిలింది.

"నాకు తెలియదు సార్. నేను చూడలేదు" అన్నాను.

గిర్దావర్‌కు అర్థమైంది. పిల్ల వైపు తిరిగాడు. గంగామణి నా ముఖం చూసింది. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు చూసింది. తర్వాత చెప్పింది.

"నేనే రాసిన సార్. ఎర్ర సిరా గుడ నాదే. టీచర్ బల్ల మీద పెన్ను ఉంటె తీసుకున్న."

పదకొండేళ్ల పిల్ల నా కోసం అబద్ధం చెప్పింది. నేను నోరు విప్పలేదు.

రాజన్నతో ఒక కాగితం మీద వేలిముద్ర వేయించారు. పిల్ల తెలియక రాసింది, నీళ్లు సక్రమంగా వస్తున్నాయి అని అందులో ఉంది. గిర్దావర్ చదివి వినిపించాడు. రాజన్న వేలి మసి తలకు తుడుచుకొని, "సరే సార్" అన్నాడు. తిరిగి వచ్చాక బడి మెట్ల దగ్గర నర్సింహులు సార్, "పోండ్రి, క్లాసు చూసుకోండ్రి" అన్నారు.

మర్నాటి నుంచి గంగామణి బడికి రాలేదు.

సాయవ్వ చెప్పిన మాట

మూడు వారాలు నేను ఏమీ చేయలేదు. రోజూ వెళ్దామనుకునేదాన్ని, రోజూ బస్సు టైం అయ్యేది. రోడ్డు మీద జీపు చప్పుడు వినబడితే సుద్దముక్క చేతిలోంచి జారేది. అట్టను బీరువా వెనక దాచాను. పిల్లలు ఆట అడిగితే పరీక్షలు వస్తున్నాయని చెప్పాను.

ఒక రోజు బడి ముగిశాక రాజన్న ఇంటికి వెళ్లాను. రాజన్న లేడు. సాయవ్వ వాకిట్లో పసుపు కొమ్ములు ఎండబోస్తోంది. గంగామణి లోపల గడపకు ఆనుకొని కూర్చుంది, బయటికి రాలేదు.

"పొలం ఎట్లుంది అవ్వా?" అని అడిగాను.

"ఎండుతుంది బిడ్డా. సగం చెరకు పసుపు రంగు అయింది."

పిల్లను బడికి పంపమని అడిగాను.

"రాజన్న వద్దంటుండు. పటేల్ మనసుల ఏమున్నదో, ఏం చేస్తడో అని భయం" అంది. కాసేపు కొమ్ములు తిప్పింది. తర్వాత, కోపంగా కాదు, పొరపాటు దిద్దుతున్నట్టు చెప్పింది. "నువ్వు నేర్పింది మంచిదే గని, సగమే నేర్పినవు. ఒక్కని పేరు రాస్తె ఒక్కన్నే పట్టుకుంటరు. కాలువ కొసకు మేమొక్కలమే ఉన్నమా? అందర్ని అడగాల్సింది. అందరి వేలు వేయించాల్సింది. పటేల్ ఎంతమంది ఇంటికి పోతడు?"

ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నాకు పరిపాలన గురించి ఎవరైనా పాఠం చెప్పారంటే అది ఆమే. చదువు రాదు. అట్ట ఆమె చూడనే లేదు.

మర్నాడు నర్సింహులు సార్‌ను అడిగాను, దరఖాస్తు మళ్లీ ఆ మెట్ల మీదుగానే దిగకుండా ఏం చేయాలి అని. ఆయనకు జూన్‌లో రిటైర్మెంట్. ఆయన తలుపు వైపు చూసి చిన్నగా చెప్పారు.

"నీళ్ల సంగతి నీళ్ల ఆఫీసులనే చెప్పాలె. బోధన్‌ల కాలువ ఇంజనీరు ఉన్నడు. పోస్టుల ఎయ్యొద్దు. మనుషులు పోయి చేతికి ఇయ్యాలె. నకలు మీద ముట్టినట్టు సంతకం తీసుకోవాలె. నకలు ఒకటి కలెక్టరుకు." ఆగి మళ్లీ అన్నారు. "నా పేరు ఎక్కడ రాయొద్దు టీచరమ్మా. నన్ను సాక్షి అని గుడ పిలవొద్దు."

అప్పుడు ఆయన్ని పిరికివాడనుకున్నాను. పటేల్ అరుగు మీద నేను నిలబడ్డ తీరు గుర్తుండి కూడా ఆ మాట అనుకోగలిగానంటే నా గురించి నాకే నవ్వొస్తుంది. ఆయన ఉన్నంతలో దారి చూపించారు. గురువారం నాకు అర్ధదినం సెలవు అడిగితే కారణం అడగకుండా సంతకం పెట్టారు.

తొమ్మిది మంది

కొస పొలాల వాళ్లు పదిహేడు మంది ఉన్నారు. సాయవ్వ, నేను ఇల్లిల్లూ తిరిగి అడిగితే వస్తామని పదిహేడు మందీ అన్నారు; అందరూ ఉంటే తానూ ఉంటానని రాజన్న కూడా ఒప్పుకున్నాడు. గురువారం పొద్దున రాజన్న ఇంటి దగ్గర అతనితో కలిపి తొమ్మిది మందే చేరారు. మిగతావాళ్ల కోసం గంట చూశాం. ఎవరో, "పటేల్ మనిషి సైకిల్ మీద గిటే పోయిండు" అన్నారు. ఇద్దరు లేచి నిలబడ్డారు. సాయవ్వ వాళ్లను చూసింది. మళ్లీ కూర్చున్నారు.

రాయడానికి ఎవరూ లేరు. గంగామణి చేతిరాత అందరికంటే బాగుంటుంది. రాజన్న ఆమె వైపు కూడా చూడనివ్వలేదు. "నా బిడ్డ రాయది" అన్నాడు. నేనే రాశాను. ఎవరి పొలం ఎక్కడుందో, ఎన్నాళ్లుగా తడి లేదో, ఏ తూము దగ్గర ఏం వేశారో రాశాను. ఎవరి పేరూ దోషిగా రాయలేదు. తూము తెరిచి చూడమని మాత్రమే అడిగాను. తొమ్మిది వేలిముద్రలు పడ్డాయి.

మన దగ్గర అర్జీ రాసినవాళ్లు కింద బకలం అని పెట్టి తమ పేరు రాయాలి. అది లేకుంటే ఆఫీసులో తీసుకోరు. పెన్ను అక్కడ ఆగింది. ఎంతసేపు ఆగిందో తెలియదు, సిరా చుక్క కాగితం మీద పాకింది. గడప అవతల గంగామణి ఉందని తెలుసు. బకలం అని రాసి నా పూర్తి పేరు, బడి పేరు రాశాను. ధైర్యం వచ్చి రాశానని చెప్పను. భయం అలాగే ఉంది.

బోధన్‌లో ఇంజనీరు చదివి, "బకలం ఎవరు?" అని అడిగారు.

"నేనే సార్."

"టీచరా మీరు? ఇది మీకు సంబంధం లేని పని గదా."

"రాయడం వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు సార్" అన్నాను. నిజానికి వేరే జవాబు చెప్పాలని బస్సులో అనుకుంటూ వచ్చాను. అది నోటికి రాలేదు. ఆయన నకలు మీద సంతకం పెట్టి ఇచ్చారు.

రెండో రోజు ఇంజనీరు పంపిన ఓవర్సీరు ఎవరికీ చెప్పకుండా నేరుగా కాలువ దగ్గరికి వచ్చాడు. పై తూములోంచి రెండు బండ్ల రాళ్లు తీయించాడు. గేటుకు తాళం వేసి తాళపుచెవి కాలువ కాపలా చూసే లష్కరుకు ఇచ్చాడు. ఐదో రోజు కొస పొలాలకు నీళ్లు చేరాయి. రాజన్న చెరకులో సగం అప్పటికే పోయింది. సగం నిలబడింది. గంగామణి బడికి వచ్చింది.

ఏప్రిల్ ఆఖరి వారంలో నా బదిలీ కాగితం వచ్చింది. మద్నూరు వైపు, మరాఠీ మాట్లాడే పల్లెకు. అక్కణ్నుంచి నిజామాబాద్‌కు రావాలంటే మూడు బస్సులు మారాలి. కారణం రాయలేదు. అమ్మ ఆ కాగితం వైపు చూసి, "ఉద్యోగమైతే ఉన్నది గద" అంది, బీడీ చుట్టడం ఆపకుండా.

ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. పిల్లలకు సర్కారు గురించి చెప్పేటప్పుడు గోపురాలు, భవనాలు చూపించి ఊరుకోకండి. ఆఫీసులో కాగితం ఏ దారిన తిరుగుతుందో ముందు మీరు తెలుసుకోండి. పిల్ల పేరుతో ఏ కాగితమూ బయటికి పోనివ్వకండి. పోయిందా, మీ పేరు కూడా దాని కింద ఉండాలి. ఆ తర్వాత నేను చేసిన ప్రతి ఆటలోనూ దరఖాస్తు కిందికి దిగే దారి గీశాను. ఒక్కరే రాస్తే ఏమవుతుందో, పదిమంది రాస్తే ఏమవుతుందో పిల్లలతోనే చెప్పించాను. ఆటలో మజా కొంత తగ్గింది. పిల్లలు ఎక్కువసేపు వాదించుకునేవారు.

ఆఖరి రోజు

బడి ఆఖరి రోజున క్లాసులో నిలబడి చెప్పాను. పటేల్ ఇంటి దగ్గర నేను అబద్ధం చెప్పానని, ఆ కాగితం మీద ఎర్ర సిరా నాదేనని, గంగామణి నా కోసం తన మీద వేసుకుందని. చెప్పేశాక గుండె తేలికవుతుందనుకున్నాను.

గంగామణి లేచి నిలబడింది. "బాపుకు చెప్పిండ్రా టీచర్?"

చెప్పలేదు. రాజన్నకు చదువు రాదు. ఎర్ర సిరా తన బిడ్డదేనని, టీచరు పెన్ను దొంగతనంగా వాడుకుందని అతను ఇంకా నమ్ముతున్నాడు. ఇన్ని రోజులుగా అతని వాకిట్లో కూర్చున్నాను, అతనితో బస్సులో పోయాను, ఈ ఒక్కటి మాత్రం చెప్పలేదు.

సంచీ బడిలోనే వదిలి పొలానికి వెళ్లాను. రాజన్న మడి మార్చి నీళ్లు కడుతున్నాడు. ఒడ్డున నిలబడి మొత్తం చెప్పాను. అతను పార ఆపి విన్నాడు. నాకు బదిలీ అయిందని తెలుసు గనక, వెళ్లొస్తానని చెప్పడానికి వచ్చాననుకున్నాడు మొదట. తర్వాత అర్థమైంది. నీళ్లలో అలాగే నిలబడ్డాడు.

"నేను గా దినం పటేల్ ఇంటి కాణ్నుంచి వస్తుంటె బిడ్డను కొట్టిన టీచరమ్మా" అన్నాడు. "తొవ్వ పొడుగుత కొట్టిన. దొంగ అని గుడ అన్న. ఒక్క మాట చెప్పలే."

నేను ఎక్కాల్సిన సాయంత్రం బస్సు రోడ్డు మీద ఆగి, ఎవరూ ఎక్కక వెళ్లిపోవడం అక్కణ్నుంచి కనిపించింది. రాజన్న పార ఒడ్డున పెట్టి కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. కాసేపటికి గంగామణి తండ్రికి చాయ్ తీసుకొని గట్టు వెంట వచ్చింది. ఆమె ముందు, రాజన్నకు మళ్లీ మొదటినుంచి చెప్పాను.